వెనక్కి గీసిన గీత

ఆ గ్రాఫు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఇంటర్ మొదటి సంవత్సరం, ఆదోనిలో ఒక ప్రైవేటు కాలేజీ. మాది ఎమ్మిగనూరు, నాన్న మగ్గం నేస్తాడు. ఎంపీసీ తప్ప ఇంకో గ్రూపు వద్దని ఇంట్లో రెండు రోజులు అన్నం మానేసి సాధించుకున్న సీటు అది. రోజూ పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేదాన్ని. పత్తి సీజన్లో మార్కెట్ యార్డుకు పోయే ట్రాక్టర్ల వెనకాల బస్సు నత్తనడక నడిస్తే మొదటి పీరియడు పోయేది. ఆ పీరియడే ఫిజిక్సు.

ఒకరోజు లెక్చరర్ నన్ను బోర్డు దగ్గరికి పిలిచాడు. అడ్డంగా కాలం, నిలువుగా ఇంటి నుంచి దూరం. ఇంటి నుంచి కాలేజీకి వచ్చి మళ్లీ ఇల్లు చేరేదాకా గ్రాఫు గియ్యమన్నాడు. వచ్చేటప్పటి గీతను ఏటవాలుగా పైకి గీశాను. కాలేజీలో ఉన్నంతసేపు అడ్డగీత. అంతవరకు బాగానే ఉంది. ఇక ఇంటికి పోవాలి కదా, ఇల్లేమో గీత మొదలైన చోట ఉంది. అందుకని సుద్దముక్కను ఎడమవైపుకు తిప్పి గీతను మళ్లీ మొదటికే తెచ్చాను.

"ఏమ్మా, బస్సు ఎనక్కి పోతే మీ ఊర్లో గడియారం గూడా ఎనక్కి తిరుగుతాదా?" అన్నాడు. క్లాసంతా విరగబడి నవ్వింది. అందరికంటే ఎక్కువ ఆయనే నవ్వాడు.

"మరి ఇంటికెట్ల పోవల్ల సార్?" అని అడిగాను, నిజంగా తెలియకే. నవ్వు ఇంకా పెరిగింది. ఆయన బోర్డు తుడిచేసి తర్వాతి లెక్కలోకి వెళ్లిపోయాడు. తప్పెక్కడో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. నవ్వడానికి అంతకంటే ఎక్కువే పట్టింది.

ఆ తర్వాత ఆ క్లాసులో నేను నోరు విప్పలేదు. అర్థం కానిదంతా బట్టీ పట్టాను. పరీక్షల్లో ప్రశ్న కాస్త తిప్పి ఇచ్చిన ప్రతిసారీ చతికిలపడ్డాను. ఫిజిక్సులో వరుసగా తప్పినవాళ్లను సీఈసీకి మార్చేయడం ఆ కాలేజీ పద్ధతి, రిజల్టు చెడకుండా. సంతకానికి నాన్నను పిలిపించారు. మగ్గం ఆపుకుని వచ్చి, ఆఫీసు రూములో నిలబడే, "మాకేం తెలుస్తాది సార్, మీరు సెప్పినట్లే" అని సంతకం పెట్టేశాడు. నాకు నాన్న మీద కూడా కోపం వచ్చింది. ఎందుకని ఒక్క మాట అడగొచ్చు కదా!

ఆ ఆదివారం మగ్గం పక్కన మొహం మాడ్చుకుని కూర్చున్నాను. నాన్న పోగు కండె పెట్టిన నాడెను అటూ ఇటూ ఆడిస్తున్నాడు. అది పోగును లాక్కుంటూ కుడికి పోతుంది, మళ్లీ ఎడమకు వస్తుంది. బయలుదేరిన వైపుకే వస్తుంది. కానీ తిరిగొచ్చేటప్పుడు వదిలిన పోగు పాత పోగు మీద పడటం లేదు, దాని ముందు పడుతోంది. నాడె ఎన్నిసార్లు వెనక్కి వచ్చినా బట్ట మాత్రం పెరుగుతూనే ఉంది. అంటే నా గీత కూడా ఎడమకు తిరగకూడదు. కుడివైపుకు సాగుతూనే కిందికి దిగాలి. ఇల్లు అక్కడే ఉంటుంది, నేను చేరేసరికి సాయంత్రమవుతుంది. ఇంతే! పుట్టినప్పటి నుంచి చూస్తున్న మగ్గం. ఏడుపొచ్చింది, సంతోషంతో కాదు, కడుపుమంటతో.

సోమవారం స్టాఫ్ రూముకు పోయి, సరిగ్గా గీసిన కాగితం ఫిజిక్సు లెక్చరర్ ముందు పెట్టాను.

"కరెక్టే. బాగా గీసినావే. ఆ పొద్దే ఇట్ల గీసింటే సరిపోయేది కదమ్మా" అన్నాడు.

"ఆ పొద్దు తెలీకనే మిమ్మల్ని అడిగినాను సార్. మీరు నవ్వినారు."

"నేనా? ఎప్పుడు?"

అబద్ధమాడుతున్నాడేమోనని ఆయన మొహంలోకి చూశాను. లేదు, నిజంగానే గుర్తు లేదు. బెల్లు కొట్టారు. ఆయన ఎంపీసీ క్లాసుకు పోయాడు, నేను సీఈసీకి పోయాను.