ఊపిరి ఆడని ఇల్లు

ఈ నాలుగు మాటలు ఎప్పుడో రాయవలసింది. మొన్నమొన్నటి దాకా అక్షరాలు రాని మనిషిని, ఎలా రాస్తాను? గుంటూరు పక్క మిరపకోతల్లో పెరిగాను, బడి ముఖం చూడలేదు. ఇవాళ అమెరికాలో ఈ హెర్న్‌డన్‌లో చలి మొదలైంది. మా అమ్మాయి ఈ ఏడాది మొదటిసారి హీటర్ వేసింది. నా గదిలో నేల మీది వేడిగాలి జాలీలోంచి కాలిన దుమ్ము వాసన మెల్లగా పైకి లేచింది. ఆ వాసనకు కళ్లు మూసుకుంటే డాక్టరమ్మ వచ్చి నా మంచం పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. ఆవిడ పోయాక ఇది తొలి చలికాలం.

డాక్టరమ్మ అంటే కరుణగారు. మా వీధి చివరి ఇల్లు. ఊపిరితిత్తుల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆదివారం తెలుగు చర్చిలో నా పక్కన కూర్చునేవారు. నాకు కీర్తనలన్నీ నోటికి వచ్చు. పుస్తకం మాత్రం అందరిలా చేతిలో పట్టుకుని, పక్కవాళ్లు పేజీ తిప్పినప్పుడల్లా నేనూ తిప్పేదాన్ని. ఒకసారి పాట మధ్యలో ఆవిడ ఊరికే ఒక పేజీ తిప్పారు. నేనూ తిప్పాను. ఆరాధన అయ్యాక కారు దగ్గర మెల్లగా అన్నారు.

"పాట మీకు తెలుసు రత్నమ్మగారూ, పుస్తకం తెలీదు. అంతేగా? రేపు మీ ఇంటికొస్తాను."

"ఈ వయసులో నాకెందుకులెండి డాక్టరమ్మా."

"ఈ వయసులో మీకు ఇంతకంటే పనేముంది చెప్పండి?"

అలా నా గదిలో చదువు మొదలైంది. ఆ చలికాలం మా ఇల్లు ఎంతకీ వేడెక్కేది కాదు. అందులోనూ నా గది మరీ చల్లన. కిటికీ అద్దం ఎప్పుడూ మసకబారి ఉండేది. డాక్టరమ్మ దాన్నే పలక చేశారు. వేలితో అక్షరం రాస్తే, అందులోంచి బయటి మంచు, తెల్లటి చెట్లు కనిపించేవి. కాసేపటికి అక్షరం అడుగు నుంచి కరిగి నీటిబొట్టై జారేది. "జారిపోయేలోగా చదవండి, అదే మీకు పరీక్ష" అనేవారు. ఆ అక్షరాలు నాకు కలలోకి కూడా వచ్చేవి, జారుతూ, వెలుగుతూ.

హీటర్ మాత్రం బాగుపడలేదు. మెకానిక్ వచ్చి గోడ మీది థర్మోస్టాట్ మార్చాడు. మళ్లీ వచ్చి బేస్‌మెంట్‌లో ఫిల్టర్ మార్చాడు. అతను ఉన్నంతసేపూ వెచ్చగా ఉండేది. వెళ్లాక మళ్లీ చల్లగాలి. నాకు దగ్గు పట్టుకుంది. ఒకరోజు మా అమ్మాయి అంది, "అమ్మా, నీ దగ్గు వింటుంటే భయంగా ఉంది. సమ్మర్ దాకా విజయవాడలో పిన్ని దగ్గరుండు. టికెట్ బుక్ చేస్తాను." గుణింతాల మధ్యలో ఉన్నాను. ఇప్పుడు వెళితే, నేర్చుకున్నవి కూడా అద్దం మీది అక్షరాల్లాగే జారిపోతాయని తెలుసు.

మధ్యాహ్నం డాక్టరమ్మ వస్తే ఈ మాట చెప్పాను. ఆవిడ ఆ రోజు పాఠం చెప్పలేదు. కింద కూర్చుని జాలీ మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే ఉన్నారు, రోగి గుండె మీద చెయ్యి వేసినట్టు. తర్వాత ఇంట్లోంచే పని చేస్తున్న మా అల్లుణ్ని పిలిచారు.

"ప్రసాద్, మొదట వేడిగాలి వచ్చింది, కాసేపటికి చల్లబడింది. ఈ ఇల్లు గాలి వదలడం అందరూ చూశారు. పీల్చుకునేది ఎక్కడ?"

"రిటర్నా ఆంటీ, గాలి వెనక్కి వెళ్లేది? బేస్‌మెంట్‌లోనే అనుకుంటా."

"అనుకోవద్దు, చూద్దాం పద. మా ఇంట్లో మెట్ల కింద గోడకుంది. మన ఇళ్లన్నీ ఒకే బిల్డర్ కట్టినవేగా?"

అల్లుడి ముఖం మారిపోయింది. మెట్ల కింద ఉన్నది మా బియ్యం. ఇక్కడ మన బియ్యం ఇక దొరకవని పుకారు పుట్టినప్పుడు, అందరితోపాటు మావాళ్లూ బ్యాగులు కొని, గోడకు ఆనించి పేర్చారు. చూడ్డానికి బాగుండదని మా అమ్మాయి పాత చీర తెరగా కట్టింది. బ్యాగులు తీస్తే వెనక పెద్ద జాలీ, దాని నిండా దుమ్ము. డాక్టరమ్మ తన చెంగు దగ్గరగా పట్టి వదిలారు. అది తనంతట తానే వెళ్లి జాలీకి అతుక్కుని, సన్నగా వణుకుతూ నిలిచింది. నిద్రలో ఎవరో మెల్లగా ఊపిరి పీల్చుకుంటున్నట్టుంది.

"గాలి అందక మిషన్ వేడెక్కిపోయి, తనను తాను ఆపుకుంటోందయ్యా. ఇంటి ముక్కులో బియ్యం కుక్కి, ఎందుకు దగ్గుతోందని అడుగుతున్నారు!"

"ఆంటీ, చర్చిలో చెప్పకండి, ప్లీజ్!"

"చెప్పకపోతే ఎలా? వాళ్ల మెట్ల కింద ఏమున్నాయో చూడొద్దూ?"

సాయంత్రానికి కాలిన దుమ్ము వాసనతో వేడి నా గది దాకా వచ్చింది. మా అమ్మాయి నమ్మలేదు. "పొద్దుటికి కూడా ఇలాగే ఉంటే టికెట్ మానేద్దాం" అంది.

ఇప్పటికీ మనవరాలు ముడుచుకుని కూర్చుంటే, ఎందుకు మాట్లాడవని అడగను. దాని లోపలికి ఏం వెళుతోందో, ఏం అడ్డుపడిందో చూస్తాను. అది డాక్టరమ్మ నుంచి వచ్చిన అలవాటే.

బియ్యం బ్యాగులు తీసిన మర్నాడు పొద్దున లేచేసరికి గది వెచ్చగా ఉంది. కిటికీ అద్దం తేటగా ఉంది, అవతల మంచు మీద ఎండ. సంతోషించడం పోయి, అయ్యో నా పలక పోయిందే అనిపించింది. అద్దానికి నోరు దగ్గరగా పెట్టి గట్టిగా ఊపిరి వదిలాను. అరచేయంత మసక పడింది. ఎవరూ చెప్పకుండానే, వేలితో కరుణ అని రాశాను. మాయమయ్యేలోగా చదివాను కూడా.