బర్ఫీ నడుమున ఖాళీ వరుస

మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి సూరత్ వచ్చి స్థిరపడిన కుటుంబం మాది. చీరల మీద మిషన్లతో చమ్కీలు కుట్టే ఒక కార్ఖానాలో నేను బిల్లులు కొట్టేదాన్ని. పువ్వైనా, డైమండ్‌లాంటి బర్ఫీ ముక్క ఆకారమైనా, గీత లోపలే చమ్కీలు పడేలా కంప్యూటరే చూసుకునే ప్రోగ్రాం రాస్తానని ఒకరోజు గొంతెత్తి మరీ చెప్పాను. కార్ఖానా యజమాని సేఠ్ నవ్వాడు. నమూనా చీర కుదిరితే డిజైన్ల పని నాది. కుదరకపోతే నోరు మూసుకుని బిల్లులు కొట్టుకోవాలి.

చమ్కీ పడాల్సిన చుక్క గీతకు లోపల ఉందో బయట ఉందో మనకు చూడగానే తెలుస్తుంది. కంప్యూటర్‌కు కళ్ళెక్కడివి? సూరత్‌లోని గోడాదరా పేటలో, మా ఇంట్లో చేత్తో చమ్కీలు కుట్టే అమ్మకు దానికి నేను కనిపెట్టిన కిటుకు ఇలా చెప్పాను:

“కండ్లు మూసుకొని గిట్ల సీదా బయటికి నడువమ్మా. ఎన్ని గోడలు దాటినవో లెక్కవెట్టు. బేసి వస్తే నువ్వు లోపల్నుంచి బయల్దేరినట్టు. సరి వస్తే ముందు నుంచే బయట ఉన్నట్టు.”

“నడిచేటందుకు జాగేడుందే ఈ ఇంట్ల?” అంది అమ్మ, సూది దింపకుండానే.

ఆ లెక్కతోనే ప్రోగ్రాం రాశాను. నమూనా చీర మిషన్ మీంచి దిగింది. పువ్వులన్నీ నిండుగా ఉన్నాయి. బర్ఫీలకు మాత్రం, ప్రతిదానికీ, నడుమున ఒక వరుస ఖాళీ! పాపిట తీసినట్టు. సేఠ్ చీరను నా బల్ల మీద పడేసి, బయట సాఫ్ట్‌వేర్ కొనేస్తానన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం దాకా ఆగితే ఆయన సొమ్మేం పోదని మొహం మీదే అనేశాను.

మా సూరత్‌లో చమ్కీలను ఆకారం నట్టనడుమ నుంచే మొదలుపెట్టి పైకీ కిందికీ పేరుస్తారు. ప్రోగ్రాంలో నేనూ అదే పద్ధతి పెట్టాను. దాంతో గోడలు లెక్కపెట్టడానికి నడిమి వరుస చుక్కల నుంచి పక్కకు సాగిన గీత సరిగ్గా బర్ఫీ మూలకే తగులుతోంది. అక్కడ పై గోడా కింది గోడా కలుస్తాయి. నా ప్రోగ్రాం రెండింటినీ లెక్కపెట్టి, సరి సంఖ్య వచ్చిందని చెప్పి, లోపలున్న చమ్కీలను బయటికి గెంటేస్తోంది. గోడ పై కొస తగిలితే లెక్కపెట్టు, కింది కొస తగిలితే వదిలెయ్ అని ఒక్క షరతు చేర్చాను. ఇక మూల ఒక్కసారే లెక్కకొస్తుంది. ఎవరి దగ్గరా ఎత్తిరాయలేదు. నా తలను నేనే ముద్దుపెట్టుకోవాలనిపించింది.

రెండో చీరలో బర్ఫీలు నిండుగా వచ్చాయి. సేఠ్ చాలాసేపు చూసి, బిల్లులకు వేరే మనిషిని వెతకమని మేనేజర్‌కు చెప్పాడు.

ఆ చీర నుంచి ఒక ముక్క అడిగి ఇంటికి తెచ్చాను. అమ్మ బొటనవేలితో నడిమి వరుసను తడిమి చూసింది.

“ఇవన్నీ నువ్వే కుట్టినవానే?”

“నేను చెప్పిన. మిషన్ కుట్టింది.”

అమ్మ ముక్క పట్టుకుని పక్కింటికి పోయింది. గోడ అవతల నుంచి ఆమె గొంతు, నేనెప్పుడూ విననంత గట్టిగా, వినిపించింది:

“జర ఇటు చూడుర్రి. మా బిడ్డ చెప్తే మిషన్ ఇంటది.”