కిష్టమ్మ చెయ్యని ప్రమాణం

ఖాజాగూడ గుట్టల్లో రాయి కొట్టే రాజయ్య భార్య కిష్టమ్మ. బాప్తిస్మం తీసుకున్నా పాత పేరు వదల్లేదు. "కొత్త పేరు పెడితే పిలిచినప్పుడు పలుకుడు మర్చిపోత" అని పకపకా నవ్వేది. చదువు రాదు. అయినా ఇంట్లో బైబిల్ ఉండేది. ఎర్ర గుడ్డలో చుట్టి దాచుకునేది, చేతులు కడుక్కోనిదే ముట్టుకునేది కాదు. రాజయ్యా బాప్తిస్మం తీసుకున్నవాడే! కానీ క్రిస్మస్‌కి తప్ప చర్చి గడప తొక్కడు.

డెబ్బై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో గుట్ట దగ్గర గడ్డపారలు పోయాయి. మేస్త్రి వీరేశం రాజయ్య మీద విరుచుకుపడ్డాడు.

"శుక్రవారం పొద్దుగూకంగ ఆడ తిరిగింది నువ్వే!"

"నేను ఇంట్లనే పండుకున్న" అన్నాడు రాజయ్య.

"అయితే నువ్వు ఇంట్లనే ఉన్నవని నీ పెండ్లాం ప్రమాణం చెయ్యాలె" అన్నాడు ఊరి పెద్ద లింగమూర్తి పటేల్.

ఆ ఊళ్లో అంతే. మిగతావాళ్లయితే కర్పూరం వెలిగించి అరచేత్తో ఆర్పేవాళ్లు. వీళ్లు క్రైస్తవులు కాబట్టి బైబిల్ మీద చెయ్యి పెట్టమన్నారు. పెడితే గొడవ తీరినట్టే. పెట్టకపోతే రాజయ్యకి గుట్ట మీద పని పోయినట్టే.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఆ శుక్రవారం కిష్టమ్మ ఇంట్లో లేదు. ఉపవాస ప్రార్థన కోసం శేరిలింగంపల్లి నడిచివెళ్లి చీకటి పడ్డాక వచ్చింది. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలీదు, మొగుడికి తప్ప.

"నేను దొంగను గాదని నీకు తెల్వదానే?" అన్నాడు రాజయ్య.

"తెలుసు."

"మరింకేంది? ఇంట్లనే ఉండె అని చెప్పు. అబద్ధం గాదు గద, ఉన్న గద!"

"నువ్వున్నవు. నేను చూసిన్నా?"

"యేసుప్రభు క్షమిస్తడు క్షమిస్తడని రోజు జెప్తవు. గిదొక్కటి క్షమించమను!"

"క్షమిస్తడనే బయమయ్యా నాకు. కొట్టేటోడైతే ఎట్లన్న తప్పిచ్చుకోవచ్చు. నా కోసం పానమిచ్చినోని పేరు మీద ఎట్ల ఆడాలె అబద్ధం?"

తెల్లారి పంచాయితీలో కిష్టమ్మ చేతులు కడుక్కుంది, కొంగు తల మీద వేసుకుంది, బైబిల్ తీసింది. రాజయ్య ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె పుస్తకాన్ని గుండెకి హత్తుకుంది.

"పటేలా, నా మొగడు దొంగ గాడు. గది నా నమ్మకం. గాని ఆ పొద్దు నేను లింగంపల్లిల ఉన్న. చూడంది చూసిన్నని దీని మీద చెయ్యి పెట్ట."

"కట్టుకున్నదే సాక్ష్యం చెప్తలేదు!" అన్నాడు వీరేశం.

"నమ్మకం జెప్పిన గద మేస్త్రీ! రాళ్ల మోతకు చెవులు పొయ్యినయా ఏంది?"

జనం నవ్వారు. నవ్వినా తీర్పు మారలేదు, పని పోయింది.

రాజయ్య మాటలు మానేశాడు. కిష్టమ్మ మాత్రం తట్ట పట్టుకుని అతని వెంట మియాపూర్ వైపు మట్టి పనికి నడిచింది. పుట్టింట్లో దేవుడి దీపాన్ని ముట్టుకున్నట్టే ఇన్నాళ్లూ బైబిల్ ముట్టుకునేది. ఇప్పుడు అలా కాదు. మట్టి మోస్తున్నా, గంజి కాస్తున్నా దేవుడు పక్కనే ఉన్నట్టుండేది. ఆయన్ని నొప్పించకూడదన్న భయంలోనే ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

ఒక శనివారం తట్ట దించుతుంటే రాజయ్యే నోరు విప్పాడు.

"నాకు బయపడలే, ఆకలికి బయపడలే. గంత పెద్దోడా ఆయన?"

"వచ్చి చూస్కో."

"రేపొస్త."

"పొద్దుగాల్నే లేవాలె మరి. నీ కోసం ఆగ!" అంది కిష్టమ్మ.