ఏడు నలభైకి తెరుచుకోని లాగిన్

నిన్న మీసేవ కేంద్రంలో కౌంటర్ వెనక ఉన్న అమ్మాయి పాస్‌వర్డు కొట్టింది. తీసుకోలేదు. అదే మళ్ళీ ఇంకా గట్టిగా కొట్టింది. ఎంటర్ మీట మీద ఆ వేలి చప్పుడు వినగానే "ఆగమ్మా, అది ఏమంటున్నదో ముందు చదువు" అన్నాను. ఆ మాట నాది కాదు, ఎస్తేరు మేడంది.

బోధన్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో నేను చెరకు విభాగం గుమాస్తాగా ఉండేవాణ్ణి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఆఫీసుకు లినక్స్ కంప్యూటర్లు వచ్చాయి. వాటిని చూసుకోవడానికి నిజామాబాదు నుంచి ఎస్తేరు మేడం వచ్చింది. వయసులో నాకంటే పదిహేనేళ్ళు చిన్న. యంత్రం ఆగిపోతే మేమందరం మీటల మీద పడేవాళ్ళం. ఆమె మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర మీది అక్షరాలన్నీ చదివేది. "మేడం కంప్యూటరుకు ప్రార్థన చేస్తున్నది" అని చెరకు బండ్లు తూచే కాంటా దగ్గరి రహీం నవ్వేవాడు. "నువ్వు కూడా చెయ్ రహీమన్నా, పుణ్యమొస్తది" అనేది ఆమె.

ఒకరోజు మోస్రా వైపు నుంచి లక్ష్మవ్వ తెల్లవారకముందే బయలుదేరి వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. కరెంటు తీగ నిప్పురవ్వ పడి ఆమె తోట ముందురోజు కాలిపోయింది. కాలిన చెరకు ఒకటి రెండు రోజుల్లో గానుగాడకపోతే రసం పులిసిపోతుంది. కోత చిట్టీ లేనిదే బండి గేటు దాటదు. ఆ చిట్టీ కంప్యూటరులోంచే రావాలి.

"నారాయణా, ఇయ్యాల బండి కదలకుంటే గా చెరకు పొయ్యిలకే బిడ్డా" అంది.

ఏడు నలభైకి నా పేరుతో లాగిన్ చేశాను. రాలేదు. తెర మీద ఇంగ్లీషులో ఏదో వాక్యం పడి మాయమైంది. మళ్ళీ కొడితే మళ్ళీ అంతే. అప్పటికి రహీం, స్టోరు యాదగిరి వచ్చారు. "జరుగన్నా, నా చెయ్యి నడుస్తది సూడు" అన్నాడు యాదగిరి. నా పాస్‌వర్డు గట్టిగానే చెప్పాను. ఒకరు పెద్ద అక్షరంతో, ఒకరు అంకె మరిచి, వంతులవారీగా కొట్టారు. ఎనిమిది దాటాక నేను సరిగ్గా కొట్టినా రాలేదు.

ఎనిమిదిన్నరకు మేడం వచ్చింది. "మీరు లాగిన్‌కు పెట్టిన ఆ కొత్త రూల్స్ అన్నీ తీసేయండి మేడం, అవ్వ పని కానీయండి" అన్నాను.

"తీసేస్తే ఇయ్యాల చిట్టీ వస్తది అన్నా. రేపు ఎవరో మీ పేరుతోటి లోపలికొచ్చి ఇంకొకరి కోత వంతు ముందుకు జరిపితే?" అని, ఎవరు ఎప్పుడు లాగిన్ కొట్టారో నమోదయ్యే లాగ్ తెరిచింది. "ముందు ఎవరు కొట్టిండ్రు? ఎన్ని గంటలకు?"

మొదటి వరుస చూపించింది. పాస్‌వర్డు సరైనదే. కానీ ఎనిమిదికి ముందు ఎవరినీ రానీయవద్దన్న నియమం ఆమె పెట్టినదే. ఆ తర్వాత ఐదుసార్లు తప్పు కొట్టేసరికి ఖాతాకు తాళం పడింది. "మొదటి కారణం వేరు, తాళం వేరు. రెండోది మనం చేసుకున్నదే" అంది. నా ఖాతా ఒక్కదాని తాళం తీసింది. ఈసారి లాగిన్ అయింది. చిట్టీ అందుకుంటూ లక్ష్మవ్వ, "గింత సదివిండ్రు, గడియారం సూసుకోకపోతిరి!" అని మమ్మల్ని దులిపి మరీ పోయింది. మధ్యాహ్నం ఆమె బండ్లు కాంటా ఎక్కాయని రహీం వచ్చి చెప్పాడు.

అప్పుడు మేడం, కంప్యూటర్లు ఆగినప్పుడు కారణం రాసే రిజిస్టరు తీసింది. నా పేరే రాస్తుందనుకున్నాను. ఆమె రాసింది ఇది: "గానుగ కాలంలో రైతులు ఎన్నింటికి వస్తారో అడగకుండా సమయం పెట్టాను. పొరపాటు నాది." కింద రెండు వరుసలు ఖాళీ వదిలి, రిజిస్టరు నా వైపు జరిపి, టీకి వెళ్ళింది. నేను పెన్ను తీశాను. "తెర మీదిది చదవలేదు. పాస్‌వర్డు నలుగురిలో చెప్పాను" అని రాసి సంతకం పెట్టాను. సాయంత్రానికల్లా ఆమె సమయాన్ని ఆరు గంటలకు మార్చింది, నాచేత పాస్‌వర్డు కూడా మార్పించింది.

ఆ రాత్రి డైరీలో అలవాటుకొద్దీ "కంప్యూటరు మొరాయించింది" అని మొదలుపెట్టాను. దాన్ని కొట్టేసి, "నేను తొందరపడ్డాను" అని రాశాను. ఆ తర్వాత నింపిన డైరీలు అలమరాలో రెండు అరల నిండా ఉన్నాయి. వాటిలో ఏ పేజీలోనైనా తప్పు జరిగిన రోజుంటే, అందులో మొదటి పేరు నాదే.