గంగి చేసిన గుల్లల నెమలి

మద్రాసు సముద్రం చూసి వచ్చిన మనవరాలు నిన్న బిస్కెట్ల డబ్బా మూత తీసేసరికి ఇల్లంతా కుళ్ళిన నీచు వాసన కమ్ముకుంది. గుల్లలను కడగకుండా, లోపలి పురుగు లోపలే చచ్చి ఉండగా, మూత బిగించి తెచ్చింది. వాటితో బొమ్మలు అంటించి బడిలో చూపించాలట. కోడలు ముక్కు మూసుకుని పెరట్లోకి పరుగెత్తింది. నేను కదలలేదు. అరవనాట, వేలూరు పక్కనున్న గుడియాత్తంలో నా చిన్నతనమంతా కంపుల మధ్యనే గడిచింది. వాటిలో కడిగితే పోయేవి కొన్ని, పోనివి కొన్ని.

మాది నేతవాళ్ళ వీధి. తెల్లవారకముందే పడుగులు వీధి పొడవునా చాచి, పులిసిన గంజిని కుంచెతో పట్టిస్తుంటే ఆ పుల్లటి కంపు అన్నంలోకీ పడకలోకీ వచ్చేది. వానాకాలంలో గంజికుండ అడుగున తెల్లటి పురుగులు మెదిలేవి. మా అవ్వ, అంటే నాయన తల్లి, పొద్దస్తమానం తమలపాకులు నములుతూ అరుగు పక్క గోడంతా ఎర్రగా ఉమ్మేది. ఇంత మురికిలోనూ మడి మాటలకు మాత్రం లోటు లేదు. వీధి చివర, ఏటి గట్టున, సున్నపు బట్టీ ఉండేది. మేడల గోడలకు నున్నటి పూత పూసే గుల్లసున్నం కోసం సముద్రపు గుల్లలు మద్రాసు వైపు నుంచి గోతాల్లో రైల్లో దిగేవి, నత్తగుల్లలను ఏట్లోనే ఏరేవాళ్ళు. గోతాలు విప్పితే కుప్పలు కనబడేవి కావు, వాటిమీద ముసిరిన ఈగలే కనబడేవి. బట్టీవాళ్ళ కూతురు గంగి నా ఈడుది. వాళ్ళూ మాలాగే తెలుగువాళ్ళే, కానీ మా గడప తొక్కకూడదు.

గంగికీ నాకూ ఏటి ఇసుకే ఇల్లు. గుల్లలను బూడిదతో తోమి, ఎండబెట్టి, ఇసుకలో గుంటలు తీసి పంచుకునే ఆట ఆడేవాళ్ళం. ఒక గుల్ల పెట్టి, దాన్ని ఆనుకుని మూలగా మూడు, ఆ వెలుపల ఐదు, ఆ వెలుపల ఏడు పేరిస్తే ప్రతిసారీ నిండు చదరమే అవుతుందని కనిపెట్టి కేకలు పెట్టాం. తొమ్మిది గళ్ళలో ఒకటి నుంచి తొమ్మిది దాకా పేర్చి, ఎటు కూడినా పదిహేను రప్పించడం అప్పట్లో ఆడపిల్లలం ఒకరినొకరం సతాయించుకునే చిక్కులెక్క. పైవరసలో రెండు, ఏడు, ఆరు. నడుమ తొమ్మిది, ఐదు, ఒకటి. కింద నాలుగు, మూడు, ఎనిమిది. ఈ చదరం ఒక తాబేలు వీపు మీద కనబడిందని చీనావాళ్ళు కథ చెప్పుకుంటారట. చాలా ఏళ్ళ తరువాత వేలూరు గ్రంథాలయంలో చదివాను. మా ఇంట్లో తెలుగు మాట్లాడటమే గాని చదవడం ఎవరికీ రాదు. అక్షరాలు నాకు నేనే కూడబలుక్కున్నాను, కనుక అక్కడ చదివిన ప్రతి ముక్కా నా స్వార్జితం.

ఒక దసరాకు విరిగిన మగ్గపు పలక మీద గళ్ళు గీసి, ఏ గడికి ఎన్ని గుల్లలో అన్నింటితోనే తుమ్మబంక పెట్టి ఒక్కో బొమ్మ చేశాం. ఒక గుల్ల పడవ, రెండు సీతాకోకచిలుక, ఐదు పువ్వు, తొమ్మిది తోక విప్పిన నెమలి. నెమలి పూర్తిగా గంగి చేతిదే.

"నన్నైతే మీ ఇంట్లోకి రానీరు. నా నెమలి కొలువులో కూసుంటాదా మే?" అని అడిగింది.

"ఎందుకు కూసోదు? ఎదురింటి అరుగు కాడ నిలబడు, తలుపులోంచి కనబడతాది," అన్నాను.

ఆ సాయంత్రం మగ్గాలు ఆపి, మెట్లకు మా మగ్గం మీద దిగిన కొత్త గుడ్డ పరిచి బొమ్మలు కొలువు తీర్చారు. శనగ గుగ్గిళ్ళ తాలింపు, సాంబ్రాణి పొగ, పేరంటాళ్ళ పసుపు, అన్నీ కలిసిన వాసన. మా పెద్దమ్మ ఆ చదరాన్ని ఏదో యంత్రం అనుకుని గడిగడికీ కుంకుమ పెట్టింది. పేరంటాళ్ళు అడ్డంగా, నిలువుగా, మూలలకు కూడి చూసి చెంపలు వేసుకున్నారు. కర్పూరం కూడా వెలిగించారు. ఎదురరుగు పక్కన గంగి మునివేళ్ళ మీద లేచి చూస్తోంది.

ఒకావిడ నెమలి మీదికి వంగి ముక్కు చిట్లించింది. మేము తోమలేని లోతులో ఎక్కడో నీచు మిగిలింది కాబోలు.

"ఏందిమే ఈ నాత్తం! ఈ యంత్రం యాడ తెచ్చినావు?" అంది పెద్దమ్మ.

"యంత్రం కాదు పెద్దమ్మా, లెక్క. నేనూ గంగీ చేసినాము. నెమలి గంగిది. చూడు, ఆడ నిలబడుండాది."

చెంపలు వేసుకున్న చేతులను వాళ్ళు కొంగులకు తుడుచుకున్నారు. పెద్దమ్మ పలకను చీపురుతో చేటలోకి తోసి, వీధి మురుగులోకి గిరాటు వేసి, మెట్ల మీద పసుపునీళ్ళు చల్లింది. "సచ్చిన పురుగుల బొక్కలు తెచ్చి అమ్మోరి పక్కన పెడతావా!" అంటూ నా చెవి మెలిపెట్టింది.

ఇంత హడావుడీ అయ్యాక అవ్వ తమలపాకుల తట్ట ముందుకు లాక్కుని, ఆకు వెనక వేలితో సున్నం రాయసాగింది. అది గంగి తల్లి దొడ్డివాకిట నిలబడి, మా ముంతకు తగలకుండా ఎత్తు నుంచి పోసి పోయే సున్నమే.

"అవ్వా, ఆ సున్నం కూడా గంగివాళ్ళ గుల్లలే కదా?"

"కాలినాక మైల యాడిది మే? అగ్గిలో అన్నీ పోతాయి. నోరు మూసుకోని సీక్రం వక్క తే."

"అట్లయితే గంగిని కూడా కాలిస్తే ఇంట్లోకి రానిస్తారా?"

చెంప ఛెళ్ళుమంది. అవ్వ ఆకు మడిచి నోట్లో కుక్కుకుని, ఎర్రటి చొంగ గడ్డం మీదికి కారుతుండగా, శుద్ధికి ఇంకా ఏమేం కడగాలో పెద్దమ్మకు చెబుతూ పోయింది. నేను గడప దాకా వెళ్ళి చూశాను. వీధిలో గంగి మోకాళ్ళ మీద కూర్చుని, మురుగులో చేతులు మోచేతుల దాకా పెట్టి గుల్లలు ఏరుకుంటోంది.

పండుగ తరువాత ఏటి దగ్గర కనబడితే, నెమలి ఏమైందని అడిగాను.

"బట్టీలో ఏసేసినాను," అంది, నా వైపు చూడకుండా. "రేపు మా అమ్మ మీ ముంతలో పోస్తాది. ఇప్పుడైతే మీ ఇంట్లోకే కాదు, మీ అవ్వ నోట్లోకే పోతాది."

ఆ తరువాత తను నాతో ఆడలేదు.

ఇప్పుడు ఆ బట్టీ లేదు. సిమెంటు వచ్చాక గుల్లసున్నం అడిగేవాడు లేక గంగివాళ్ళు పరదరామి వైపు కట్టుబడి పనులకు పోయారని విన్నాను. వీధిలో పడుగులు చాచడం లేదు, పిల్లలు ఏట్లో గుల్లలు ఏరడం లేదు. గుల్లలోని జీవి తన ఒంటిలోంచి ఊరే సున్నంతో, ఒంపు ఎక్కడా చెడకుండా, తను పెరిగిన కొలతకే ఇల్లు పెంచుకుంటుందని పుస్తకంలో చదివి ఆశ్చర్యపోయాను. ఆ కట్టడాన్ని మైల అన్నవాళ్ళందరూ పోయారు. పెళ్ళిళ్ళలో తాంబూలం పళ్ళెం నా ముందుకు వస్తే పక్కకు జరుపుతాను. పళ్ళు లేవు కాబోలని జాలిపడతారు. పళ్ళన్నీ ఉన్నాయి. ఆ తెల్లటి సున్నపు ముద్దను చూస్తేనే డోకు వస్తుంది.