అత్తయ్య కారులో లేని హారన్

హారన్ రెండుసార్లు మోగింది. మొదటిది పొట్టిగా, రెండోది కాస్త సాగి, చివర్లో బొంగురుపోయి.

అప్పుడు మేం కాలవ గట్టు మీద, నీళ్ళు వదిలే లాకు దాటాక వచ్చే మలుపు ముందున్నాం. పట్టపగలు, ఆదివారం ఉదయం. కారు నడుపుతున్నది మా తమ్ముడి కూతురు స్వరూప. పక్క సీట్లో నేను. ఆ కారు హారన్ మాత్రం కారులో లేదు. స్వరూప దాన్ని అంతకు చాలా ముందే ఊడదీసి, వాళ్ళింటి అరుగు మీద ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టింది.

నేను దెయ్యాలను నమ్మను. ఇది రాస్తున్న ఈ పూట కూడా నమ్మడం లేదు. పేపర్లో పనిచేసినన్నాళ్ళూ ఇలాంటి పుకారు ఎక్కడ పుట్టినా డెస్కువాళ్ళు నన్నే పంపేవారు. నేను వెళితే కారణంతో తిరిగొస్తానని వాళ్ళకు తెలుసు. ఒకసారి ఓడలరేవు వైపు పాడుబడిన ఇంటి కిటికీలో ఎర్రటి వెలుగు కదులుతోందని జనం పోగయ్యారు. దూరాన గ్యాసు బావి దగ్గరి మంట, ఆ కిటికీకి మిగిలిన ఒక్క అద్దం ముక్క, మధ్యలో గాలికి ఊగే కొబ్బరి మట్ట. అంతే. నాలుగు ముక్కల్లో రాసి పంపేశాను. ఈ హారన్ విషయంలో ఆ నాలుగు ముక్కలు నాకు దొరకలేదు.

కారు మా మేనత్తది. పేరు సరోజినమ్మ. ఊళ్ళో అందరికీ టీచరమ్మగారు. మా తాతలు ఒకరి పొలంలో పాలేర్లు. అలాంటి ఇంట్లోంచి చదువుకుని, పక్క ఊరి బడికి హెడ్మిస్ట్రెస్ అయ్యారు అత్తయ్య. మా పేటలో ఆ కుర్చీదాకా వెళ్ళిన మొదటి మనిషి. ఈ వాక్యం రాసేటప్పుడు ఇప్పటికీ నా వెన్ను తనంతట తాను నిటారుగా అవుతుంది. ముమ్మిడివరం చుట్టుపక్కల ఆడవాళ్ళు స్కూటర్ నడిపితేనే తిరిగి చూసే రోజుల్లో ఆవిడ ఒక చిన్న తెల్ల కారు కొని, ఆ గట్టు మీదే నడపడం నేర్చుకున్నారు.

లాకు దగ్గర టీ కొట్టులో ఒక పెద్దమనిషి, "టీచరమ్మగారూ, మీరు కారు తోలుతుంటే భయానికి కాలవే పక్కకి జరుగుతోందండీ" అన్నాడట.

"జరగనివ్వండి. మీకే రోడ్డు వెడల్పవుద్ది" అన్నారట అత్తయ్య.

హారన్ విషయంలో ఆవిడకో పట్టింపు ఉండేది. మనిషి కనపడ్డాక కొట్టే హారన్ తిట్టుతో సమానం అనేవారు. కనపడక ముందే కొడితే పలకరింపు. అందుకే కొబ్బరి చెట్లు అడ్డొచ్చి అవతల ఏముందో తెలియని ఆ మలుపుకు కొంచెం ఇవతలే రెండుసార్లు కొట్టేవారు. బడిపిల్లలు, గేదెలను తోలుకెళ్ళేవాళ్ళు, కొబ్బరికాయలు మోసే సైకిళ్ళు, అందరూ అది విని నెమ్మదిగా పక్కకు జరిగేవారు. ఎవరూ కంగారు పడేవారు కాదు. రెండోసారి చివర్లో వచ్చే ఆ బొంగురు ఎప్పటినుంచో ఉంది. బాగు చేయిద్దామంటే, "వద్దు, నా గొంతు కూడా అంతే" అనేవారు.

కారు వెళ్ళింది బడికీ, చర్చికీ, ఎప్పుడైనా ముమ్మిడివరం సంతకీ. అందుకే ఇన్నేళ్ళయినా మీటరు ఎక్కువ తిరగలేదు. రిటైరయ్యాక చర్చికి మాత్రమే. చివరి ఏళ్ళలో చూపు తగ్గి అదీ మానేశారు. అయినా రోజూ షెడ్డులోకి వెళ్ళి కారును తుడిచేవారు. ఉప్పుగాలికి మా దగ్గర ఇనుము నిలవదు. ఆ తుప్పుకు మా అత్తయ్య మందు కొబ్బరినూనె. తలుపుల బందులకు, బ్యాటరీ తీగలకు, రబ్బరు గొట్టాలకు, పెట్రోలు ట్యాంకు మూతకు కూడా. మనిషికి మంచిదైనది బండికి మాత్రం ఎందుకు కాదని ఆవిడ లెక్క. కోనసీమ మనిషి తప్ప ఇంకొకరు చెయ్యరు ఈ పని.

ఆవిడ పోయి ఏడాది కావస్తుండగా మా తమ్ముడు ప్రసాదు పాత ఇనుము కొనే ఆయనతో మాట ఖాయం చేసుకున్నాడు. వాడికి ఆ కారంటే ప్రేమ లేక కాదు. కళ్ళ ముందు అత్తయ్య బండి కుళ్ళిపోతుంటే చూడలేకపోతున్నానన్నాడు. స్వరూప ఒప్పుకోలేదు. ఆ పిల్ల పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెబుతుంది. తనకు డ్రైవింగ్ నేర్పింది అత్తయ్యే.

"తిరగని బండి, నాన్నా. ఇంజను కొత్తదానిలాగే ఉంటుంది."

"తిరగని బండే తొందరగా చస్తదని నువ్వే చెప్పేవుగా మొన్న."

"చస్తుందన్నాను. చచ్చిందన్లేదు."

చివరికి ప్రసాదు ఒక షరతు పెట్టాడు. అత్తయ్య పోయి ఏడాది నిండే ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక ఉంది. ఆ రోజు కారు తనంతట తాను చర్చి గుమ్మం ముందుకొచ్చి ఆగితే ఇంట్లో ఉంటుంది. తోసుకుంటూ తెస్తే మర్నాడు లారీ ఎక్కుతుంది.

బానెట్ ఎత్తిన రోజు నేనక్కడే ఉన్నాను. లోపల కొబ్బరి పీచుతో ఎలుకలు గూడు కట్టుకున్నాయి. నూనె వాసనకు వచ్చి తీగల మీది తొడుగంతా కొరికేశాయి. రబ్బరు గొట్టాలు ఉబ్బి మెత్తబడ్డాయి. బ్రేకులు పట్టేసి ఉన్నాయి. టైర్లు ఒకే చోట నిలబడి అడుగున చదునైపోయాయి. స్వరూప తాళం జోలికి వెళ్ళలేదు. ముందు పాత పెట్రోలు తీసేసి ట్యాంకు కడిగింది. కార్బురేటర్ విప్పి, సన్నటి రంధ్రాల్లో గట్టిపడిన జిడ్డు కరిగించింది. బ్రేకులన్నీ విప్పి కొత్త రబ్బర్లు వేసింది. వైరింగ్ మార్చింది. హారన్ విప్పి చూస్తే లోపలి రేకు తుప్పుకి చిల్లులుపడి ఉంది. తీగలు కత్తిరించి, కొసలకు టేపు చుట్టి, దాన్ని డబ్బాలో పడేసింది. కొత్తది అమలాపురంలో చెప్పాం గానీ కూడికలోపు రాలేదు.

కారు స్టార్టయింది. పేటంతా వినేలా ఈల వేసింది స్వరూప. కానీ కారు కాసేపు నడిచి ఆగిపోయింది. కొంతసేపు వదిలేస్తే మళ్ళీ స్టార్టయ్యేది, మళ్ళీ అంతే దూరం వెళ్ళి ఆగేది. పెట్రోలు పంపు అనుకుని మార్చింది. కాదు. కాయిల్ వేడెక్కుతోందేమోనని మార్చింది. అదీ కాదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు, టీచరమ్మగారికి బండి ఇవ్వడం ఇష్టం లేదేమోనని గొణిగారు. స్వరూపకి చిర్రెత్తుకొచ్చింది.

"మామ్మకి ఇష్టం లేకపోతే మొహం మీదే చెప్పేసేది" అంది.

కూడిక దగ్గరపడుతుండగా, ఆగిపోయిన కారుకు పెట్రోలు పోద్దామని ట్యాంకు మూత తిప్పింది. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు. స్వరూప కదలకుండా నిలబడింది. మూత వదులుగా పెట్టి స్టార్ట్ చేసింది. కారు ఆగలేదు. బిగించింది. కాసేపటికి ఆగింది. మళ్ళీ వదులు చేసింది, నడిచింది. మూతలో గాలి లోపలికి పోవడానికి సన్నటి రంధ్రం ఉంటుంది. ఏళ్ళ తరబడి రాసిన కొబ్బరినూనె దుమ్ముతో కలిసి అందులో బిరడాలా గట్టిపడింది. గాలి చొరబడక ట్యాంకు పెట్రోలును వదలడం లేదు. ఒక సూది, గుడ్డ ముక్క మీద కాస్త కిరసనాయిలు, అంతటితో అయిపోయింది. ఎన్నో పెద్ద వార్తలు రాశాను గానీ, ఆ బుస్సు విని అది అర్థం చేసుకున్న పిల్ల మా ఇంటిదని నాకు కలిగిన గర్వం అంతకుముందు ఏ వార్తకూ కలగలేదు.

ఇక ఆ ఆదివారం. ప్రసాదు, మిగతావాళ్ళు ముందే చర్చికి వెళ్ళిపోయారు. కారు లాకు దాటింది. మలుపు దగ్గర పడుతుండగా స్వరూప బొటనవేలు అలవాటుగా స్టీరింగ్ మీది హారన్ బటన్ వైపు వెళ్ళి, మధ్యలోనే ఆగిపోయింది. నేను చూశాను. హారన్ లేదని గుర్తొచ్చి, బ్రేకు మీద కాలు పెట్టింది. అప్పుడే మోగింది. రెండుసార్లు.

స్వరూప నా వైపు చూడలేదు. మలుపు తిరిగాం. అవతల మా ఊరి సత్తిబాబు కొబ్బరికాయల సైకిలును చెట్ల కిందికి తీసి, దాన్ని పట్టుకుని పక్కన నిలబడి ఉన్నాడు. రెండు పక్కలా వేలాడే కాయలతో ఆ సైకిలు సగం రోడ్డు ఆక్రమిస్తుంది. గట్టుకు అవతల కాలవే. అతను దిగకుండా అలాగే వచ్చి ఉంటే మేమో అతనో నీళ్ళలో ఉండేవాళ్ళం.

స్వరూప కారు ఆపింది. "ఏం సత్తిబాబుగారూ, అలా నిలబడిపోయేరు?" అంది, వీలైనంత మామూలుగా.

"ఆయ్, హారన్ కొట్టేరు కదండీ. టీచరమ్మగారిదే అది. చిన్నప్పుడు బళ్ళో అది వినపడితే చొక్కా బొత్తాలు పెట్టుకునేవోళ్ళమండీ. ఇందాక కూడా చెయ్యి బొత్తాం మీదికే వెళ్ళిందండీ" అని నవ్వాడు.

కారు చర్చి గుమ్మం ముందు ఆగింది. ప్రసాదు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. కిందికొచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి, వేడి చూసి, "రేపు లారీ రావద్దని చెప్పేస్తాను" అన్నాడు. ఆ మాట అన్నాక మొహం తిప్పేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఇంటికి రాగానే అరుగు మీద డబ్బా తెరిచి చూశాం. హారన్ అందులోనే ఉంది. కారులో కత్తిరించిన తీగ కొసలకు చుట్టిన టేపు చెక్కు చెదరలేదు. దాని ఫ్యూజు కూడా పెట్టలేదని స్వరూప చూపించింది.

నాకు తెలిసిన పద్ధతిలో విచారించాను. కాలవ అవతలి రోడ్డు మీద ఆటోలు తిరుగుతాయి. తర్వాతి ఆదివారం అదే వేళకు మలుపు దగ్గర నిలబడి విన్నాను. నీళ్ళ మీదుగా వచ్చే హారన్ పలుచగా ఉంటుంది, దిక్కు తెలుస్తుంది. మేం విన్నది కాళ్ళ కింద కూడా అదిరింది. నేను పొరబడ్డానేమో అనుకుందామంటే స్వరూప కూడా వింది. ఇద్దరం అత్తయ్యను తలుచుకుంటూ వెళ్ళాం కాబట్టి భ్రమ అనుకుందామంటే, సత్తిబాబుకు మేం వస్తున్నట్టే తెలియదు. ఆ కారు ఇనుప కొట్టుకు వెళ్ళిపోయిందనే అనుకున్నాడట. ఎటునుంచి వినపడిందని ఎన్నిసార్లు అడిగినా, ఎలా తిప్పి అడిగినా, ఒకటే చెప్తాడు: "ఎదురుగా వస్తున్న కారులోంచేనండీ."

కారు ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గింది. స్వరూప ఇప్పుడు దాన్లోనే కాలేజీకి వెళ్తోంది. కొత్త హారన్ వచ్చాక బిగించింది. మలుపుకు ఇవతలే రెండుసార్లు కొడుతుంది. దాని గొంతు శుభ్రంగా ఉంటుంది, చివర్లో బొంగురు లేదు. సత్తిబాబు అది విని పక్కకు జరుగుతాడు గానీ, "ఇది అది కాదండీ" అంటాడు.

పాత హారన్ నేను తెచ్చుకున్నాను. మా పెరట్లో స్వరూప దాన్ని నేరుగా బ్యాటరీకి తగిలించి చూసింది. టిక్కుమని కూడా అనలేదు. డబ్బాతో సహా అది నా రాత బల్ల మీదే ఉంది. మూత తీస్తే ఇప్పటికీ కొబ్బరినూనె వాసన వస్తుంది. లోపలి రేకుకు చిల్లులు ఉన్నాయి, తీగలు లేవు.