ఆమె సిస్టంకు తగిలించిన ప్రింటర్

అమీర్‌పేటలో మా కోచింగ్ సెంటర్ ఆఫీసుగదిలో నాలుగు కంప్యూటర్లు, ఒక్కటే ప్రింటర్. దాని వైరు ఒక కంప్యూటర్‌కు తగిలించి, మిగతా మూడింటికీ షేరింగ్ పెట్టాం. ఎవరు తమ కుర్చీలో కూర్చుని ప్రింటు కొట్టినా అది ఆ వైరున్న సిస్టం గుండానే పోవాలి. అది ఆపేస్తే ఎవరికీ కాగితం రాదు. పెద్ద ఫైలు పోతున్నంతసేపూ ఆ సిస్టం మొరాయిస్తుంది, దాని మీద కూర్చున్నవాళ్లకు నరకం. ఈ సంగతి ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. షేరింగ్ పెట్టింది నేనే, ఏడాదిపాటు ఆ నరకం పడ్డదీ నేనే.

నా అసలు పని ఇంగ్లిష్ మెటీరియల్ ప్రూఫులు దిద్దడం. కంప్యూటర్ల గురించి నాలుగు ముక్కలు తెలిసిన పాపానికి వాటి బాగోగులు కూడా నా నెత్తిన రుద్దారు. అదొక కోపం. కాగితాల కోసం ఎవరో ఒకరు వచ్చి నా భుజం పక్కన నిలబడటం ఇంకో కోపం. నాకు కోపాలకేం తక్కువ లేదు.

అలాంటి రోజుల్లో తెలుగు మెటీరియల్ టైపు చేయడానికి ఒకామె చేరింది. సిరిసిల్ల వైపు మనిషి, నలభై దాటింది. భర్త సనత్‌నగర్‌లో ఏదో వర్క్‌షాపులో నైట్ డ్యూటీలు చేస్తూ నడుం పాడుచేసుకున్నాడని, ఆ వయసులో టైపింగ్ నేర్చుకుని వచ్చింది. మూడు నెలలు పని చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు డైరెక్టర్ గారు. "నాది పక్కా అయితే మా ఆయనతోని నైట్ డ్యూటీ మాన్పిస్త సార్" అని మొదటి వారంలోనే నాకు చెప్పింది. అడక్కపోయినా చెప్పింది.

కొత్తగా వచ్చినవాళ్లకు అన్నిటికంటే పాత సిస్టం ఇవ్వడం మా ఆనవాయితీ. ఆమె చేరిన రెండోరోజే ప్రింటర్‌ను ఎత్తుకెళ్లి ఆమె టేబుల్ మీద పెట్టి, వైరు ఆమె సిస్టంకు తగిలించాను. "ఇక్కడ కిటికీ ఉంది కదండీ, వేడి బయటికి పోతుంది" అన్నాను. తాను దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టు, ఆ ముసలి సిస్టం మా అందరి ప్రింట్లూ మోయడం మొదలుపెట్టింది. నాకు మాత్రం ప్రాణం హాయిగా ఉంది.

ఆమె దాన్నొక బాధ్యత అనుకుంది. అందరికంటే అరగంట ముందొచ్చి సిస్టం ఆన్ చేసేది. భోజనానికి లేస్తే కీబోర్డు మీద "ఆఫ్ చేయొద్దు" అని చీటీ పెట్టేది. టైపింగ్ మధ్యలో ఆపి, వచ్చిన కాగితాలు విడదీసి, ఎవరివి వాళ్ల టేబుల్ మీద పెట్టి వచ్చేది. పోనుపోను మేం తలెత్తి చూడటం కూడా మానేశాం.

ఒకరోజు నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "సార్, నేను కొట్టిన జరసేపటికి గాని అక్షరాలు వస్తలేవు. నా చెయ్యే స్లోనా, ఇంకేమన్నా ఉన్నదా?"

"అలవాటవుతుందిలెండి" అన్నాను. ఆ ముక్క తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మూడో నెల చివర్లో ఒక టెస్ట్ పెట్టారు. పదకొండింటికల్లా తెలుగు పేపరు పిల్లల చేతిలో ఉండాలి. ఆమెకు ఇంకా రెండు పేజీల టైపింగ్ మిగిలింది. నేనేమో ఆ పొద్దున నా సొంత పని పెట్టుకున్నాను. పంజాగుట్టలో ఇంకో కోచింగ్ సెంటర్‌కు చాటుగా ప్రూఫులు దిద్దేవాణ్ణి. వాళ్ల మెటీరియల్ నూట యాభై పేజీలు, నిండా మ్యాపులు. డైరెక్టర్ గారు వచ్చేలోపు అయిపోతుందని ప్రింటు కొట్టాను. మ్యాపుల దగ్గరికొచ్చేసరికి ఆమె సిస్టం బిగుసుకుపోయింది. నా కుర్చీలోంచే ఆ ఫైలు ఆపేయొచ్చు. ఆపితే మళ్లీ మొదలుపెట్టాలి కదా అని ఆపలేదు.

డైరెక్టర్ గారు వచ్చారు. "ఏంటమ్మా, పిల్లలు క్లాసులో కూర్చున్నారు. పేపరేది?"

"అయితుంది సార్. సిస్టం జర ఆగింది."

ఆయన నా వైపు తిరిగారు. "ఏమయ్యా, సిస్టంలో ఏమన్నా ప్రాబ్లమా?"

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. కళ్లు నా ప్రూఫుల మీద పెట్టి అన్నాను. "సిస్టం బానే ఉంది సార్."

ఆమె నన్ను చూసింది. మళ్లీ కీబోర్డు మీదికి వంగింది.

టెస్ట్ గంట ఆలస్యంగా మొదలైంది. మధ్యాహ్నం డైరెక్టర్ గారు ఆమెను లోపలికి పిలిచి, పెద్ద వయసులో నేర్చుకున్న టైపింగ్‌తో ఇక్కడ కుదరదమ్మా, రేపట్నుంచి రావద్దన్నారు. తలుపు తీసే ఉంది, మాకందరికీ వినబడింది.

బయటికొచ్చి టిఫిన్ బాక్సు సంచిలో పెట్టుకుంది. తర్వాత డ్రా లాగి, లావుపాటి కవరొకటి తీసి నా టేబుల్ మీద పెట్టింది.

"మీ కాయిదాలు సార్. పొద్దున డైరెక్టర్ సార్ వస్తుంటే వచ్చినకాడికి తీసి డ్రాలో పెట్టిన, మిగిలినయి ఆయన పోయినంక. ఎవ్వరు చూడలే."

పై పేజీ మీదే పంజాగుట్ట సెంటర్ పేరు పెద్ద అక్షరాలతో ఉంది. అందులో ఒక్క కాగితం ఆయనకు చూపిస్తే చాలు, సిస్టం ఎందుకాగిందో తెలిసి, ఆమె చెయ్యి స్లో కాదని తేలిపోయేది. నా ఉద్యోగం ఊడేది, ఆమెది నిలబడేది.

డైరెక్టర్ గారి గది నా కుర్చీకి పది అడుగులు. ఆయన లోపలే ఉన్నారు. ఆమె మెట్లు దిగుతున్న చప్పుడు ఇంకా వినబడుతోంది. నేను కవరు ఒళ్లో పెట్టుకుని, నూట యాభై పేజీలూ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకున్నాను.